కాన్వాసా, వేసుకునే బట్టా, ప్రింటా? బెంగళూరులో సొంతంగా పాప్ ఆర్ట్ వేసేవాళ్లకు ఎంపిక సలహా

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూనో, మానేసో పాప్ ఆర్ట్ (సినిమాలు, సరుకుల డబ్బాల లాంటి రోజువారీ బొమ్మలను గాఢమైన రంగుల్లో వేసే కళ) వేస్తున్న తెలుగువాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: కాన్వాస్ మీద వేయాలా, బట్టల మీద వేయాలా? ఈ మధ్య మూడోది కూడా తోడైంది. బొమ్మ ఒకసారి వేసి, స్కాన్ చేసి, టీషర్టుల మీద ప్రింట్ కొట్టించి అమ్ముకుంటే సరిపోదా అని. మూడింటి మీదా బతికేవాళ్లు ఉన్నారు. కానీ మూడింటికీ పెట్టుబడి వేరు, కొనే మనిషి వేరు, పని చెడిపోయే తీరు వేరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్తవాళ్లు చేత్తో వేసిన బట్టలతో నెల గడుపుకుంటూ, వారంలో కొన్ని గంటలు కాన్వాస్‌కి కచ్చితంగా తీసి పెట్టుకోవాలి. మీ గీత చూసి ఇది ఫలానావాళ్ల బొమ్మ అని నలుగురూ గుర్తుపట్టేదాకా ప్రింట్ జోలికి వెళ్లొద్దు. మన దగ్గరున్న పెద్ద పెట్టుబడి చేతి గంటలే. వాటిని ఎక్కడ పెడితే వచ్చే ఏడాదికి విలువ పెరుగుతుందన్నదే ఇక్కడ లెక్క.

గంటకు ఎంత మిగులుతుంది

24 అంగుళాలకు 36 అంగుళాల కాన్వాస్ తీసుకుందాం. వైశాల్యం 864 చదరపు అంగుళాలు. కొత్తవాళ్లు చదరపు అంగుళానికి ఇంత అని రేటు పెట్టుకోవడం మంచి పద్ధతి. దీనికింతెందుకు, దానికంతెందుకు అని కొనేవాళ్లు అడిగితే చూపించడానికి ఒక లెక్క ఉంటుంది. 15 రూపాయల చొప్పున వేసుకుంటే 12,960. ఫ్రేముకు బిగించిన కాన్వాస్, రంగులు, వార్నిష్ కలిపి 1,800 అనుకోండి, పని 30 గంటలు అనుకోండి. నేరుగా అమ్మితే గంటకు 372 రూపాయలు పడుతుంది. అదే గ్యాలరీ ద్వారా అమ్మి 40 శాతం కమిషన్ ఇస్తే చేతికొచ్చేది 7,776. ఖర్చు పోను గంటకు రెండు వందలు కూడా మిగలదు. గ్యాలరీలు మామూలుగా 30 నుంచి 50 శాతం దాకా తీసుకుంటాయి.

ఇప్పుడు ఒక జీన్స్ జాకెట్ చూడండి. ఆర్డర్ మీద వేసి 6,000కి ఇచ్చారనుకుందాం. జాకెట్‌కి 1,500, రంగులకు 300, పని 14 గంటలు. గంటకు 300 మిగులుతుంది. ఈ అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవే, వాటి స్థానంలో మీ ధరలు పెట్టి చూసుకోండి. గ్యాలరీకి ఇచ్చిన కాన్వాస్ కంటే జాకెట్ నయం, నేరుగా అమ్మిన కాన్వాస్ ముందు జాకెట్ దిగదుడుపే.

అయితే ఈ లెక్కలోకి రాని విషయాలు రెండున్నాయి. జాకెట్ ఆర్డర్‌కి సగం డబ్బు అడ్వాన్స్‌గా ముందే వస్తుంది, కాన్వాస్ అమ్ముడుపోవడానికి నెలలు పట్టొచ్చు. అద్దె ఒకటో తారీఖునే కట్టాలి కాబట్టి ఇది చిన్న తేడా కాదు. రెండోది, కాన్వాస్ రేటు పెరుగుతుంది. రెండు మూడు ప్రదర్శనలు అయ్యాక, ఇంతకుముందు కొన్నవాళ్లు మళ్లీ వచ్చాక, చదరపు అంగుళానికి 15 ఉన్నది 20, 25 చేసినా కొనేవాళ్లు కొంటారు. జాకెట్‌కి అలా కాదు. ఎంత బాగా వేసినా కొనేవాళ్ల మనసులో షోరూం జాకెట్ ధర ఒకటి పక్కనే ఉంటుంది. ఒక స్థాయి దాటాక బేరం మొదలవుతుంది. అందుకే బట్టలు ఈ నెలను నడుపుతాయి, కాన్వాస్ రాబోయే ఏళ్లను నడుపుతుంది అని నేను నమ్ముతాను.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు ఇంకో తేడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చేత్తో వేసిన పెయింటింగ్ మీద 5 శాతం. బట్టలకైతే ఒక్కోటి 2,500 దాకా 5 శాతం, అది దాటితే 18 శాతం. ఆ 6,000 జాకెట్ మీద 1,080 రూపాయల పన్ను పడుతుందన్నమాట. రిజిస్ట్రేషన్ మీకు అవసరమా అన్నది ఏడాది అమ్మకం ఎంత, రాష్ట్రం దాటి పంపుతున్నారా, ఆన్‌లైన్ వేదికల్లో అమ్ముతున్నారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆడిటర్‌తో ఒక గంట కూర్చుంటే ఆ టెన్షన్ తీరిపోతుంది.

రంగు కాన్వాస్ మీద ఒకలా, బట్ట మీద ఒకలా

పాప్ ఆర్ట్‌కి ప్రాణం ఫ్లాట్ కలర్, అంటే ఛాయలు లేకుండా ఒకేలా పరిచిన రంగు, పదునైన అంచు. కాన్వాస్ మీద ఇవి రెండూ మన చేతిలో ఉంటాయి. జెస్సో, అంటే రంగు వేసేముందు పూసే తెల్లటి పూత, పూసిన గుడ్డ రంగును అంతగా పీల్చదు. మాస్కింగ్ టేప్ అంటించి, టేప్ అంచు వెంట ముందు కింద ఉన్న రంగునే పల్చగా ఒక పొర వేసి, అది ఆరాక కొత్త రంగు వేస్తే, టేప్ లాగినప్పుడు అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. తప్పు పోతే దాని మీద మళ్లీ వేసుకోవచ్చు. నీళ్లతో కలుపుకునే యాక్రిలిక్ రంగు అరగంటలో ఆరిపోతుంది కాబట్టి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక కూడా రెండు పూతలు పడతాయి. నూనె రంగులు పాప్ ఆర్ట్‌కి నేను చెప్పను. ఆరడానికి రోజులు పడుతుంది, ఒంటి గది ఇంట్లో ఆ వాసన భరించలేం.

బట్ట దగ్గరికొస్తే ప్రతి అడుగులో జాగ్రత్త కావాలి. కొత్త బట్టలో గంజి ఉంటుంది. అది పోయేలా ఉతికి ఆరేయకుండా రంగు వేస్తే, రంగు గంజి మీద కూర్చుని మొదటి ఉతుకులోనే లేచిపోతుంది. మామూలు యాక్రిలిక్‌ని నేరుగా వేస్తే అట్టలా బిగిసి మడత దగ్గర పగులుతుంది. ఫాబ్రిక్ కలర్ వాడాలి, లేదా యాక్రిలిక్‌లో ఫాబ్రిక్ మీడియం (రంగు బట్ట మీద బిగిసిపోకుండా కలిపే ద్రవం) కలపాలి. నీళ్లు ఎక్కువైతే దారాల వెంట రంగు పాకి అంచు చెదురుతుంది. నీలం జీన్స్ మీద పసుపు నేరుగా వేస్తే ఆకుపచ్చ ఛాయ కొడుతుంది, కాబట్టి ముందు తెలుపు రెండు పల్చటి పూతలు పడాలి.

జీన్స్ జాకెట్ వెనక వైపు దగ్గరగా చూడండి. భుజాల కింద అడ్డంగా ఒక మందపాటి మడత కుట్టు ఉంటుంది. బ్రష్ దాని మీదుగా వెళ్లినప్పుడు రంగు కుట్టు కింది పల్లంలో నిలబడిపోతుంది, పై గట్టు మాత్రం ఉత్తగా మిగిలిపోతుంది. ఆరాక అక్కడ నీలం గీత ఒకటి పళ్లికిలించుకుని కనిపిస్తుంది. దానికి పొట్టిగా, గట్టిగా ఉండే చిన్న బ్రష్ తీసుకుని తెలుపును కుట్టు మీద అడ్డంగా, దారాల సందుల్లోకి దిగేలా నొక్కి వేయాలి, ఆ తర్వాతే అసలు రంగు. అంతకంటే ముఖ్యం బొమ్మ గీసేటప్పుడే ఆ కుట్టును లెక్కలోకి తీసుకోవడం. ముఖంలో కళ్లు, నోరు దాని మీద పడకూడదు. కూలింగ్ గ్లాస్ పై అంచు, మాటల బుడగ అంచు, జుట్టు గీత లాంటిది అక్కడికి తెస్తే కుట్టు బొమ్మలో కలిసిపోతుంది. లోపల అట్ట పెట్టడం మరిచిపోకండి, లేకపోతే రంగు ముందు వైపుకి దిగుతుంది.

పూర్తిగా ఆరాక తిరగేసి ఇస్త్రీ చేయాలి. వేడికే రంగు బట్టకు పట్టుకుంటుంది. రెండు మూడు రోజులు ఉతకకూడదు. సాగే జీన్స్ అసలు తీసుకోవద్దు, బట్ట సాగినప్పుడు రంగు సాగదు, పగులుతుంది. మోచేతుల దగ్గర, నడుం మడతల దగ్గర పెద్ద రంగు పలకలు పెట్టకండి. వంద శాతం కాటన్, మందంగా ఉన్నది, అదే మంచి సరుకు. ఇక్కడి ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ దుకాణాల్లో వెతికితే అలాంటివి దొరుకుతాయి. లేబుల్ చదివి కొనండి.

ఫ్లోరసెంట్ రంగుల గురించి ఒక మాట. పాప్ ఆర్ట్ అనగానే చెయ్యి వాటి వైపే వెళ్తుంది. నిజంగానే కంటికి ఇంపుగా ఉంటాయి కూడా. కానీ వెలుతురుకు తొందరగా వెలిసిపోతాయి. కాన్వాస్ ఒకరి హాల్లో ఇరవై ఏళ్లు ఉండాల్సిన వస్తువు, దాంట్లో నియాన్ గులాబీ మీద ఆధారపడ్డ బొమ్మ వేస్తే కొన్నవాళ్లకు అన్యాయం చేసినట్టే. బట్ట ఆయుష్షు ఎలాగూ తక్కువ. నియాన్ సరదా అంతా గుడ్డ సంచుల మీద, జాకెట్ల మీద తీర్చుకోండి.

చెన్నైలో ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. సముద్రపు తేమకు కాన్వాస్ వదులవుతుంది, పచ్చి చెక్క ఫ్రేము వంకర పోతుంది, గోడకు ఆనించి పెడితే వెనక బూజు పడుతుంది. అక్కడ ఫ్రేము మీద డబ్బు ఆదా చేయొద్దు.

చేతిపని, అచ్చుపని: మన దగ్గర పాత సంగతే

బట్ట మీద బొమ్మ వేయడం తక్కువ స్థాయి పని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది వింటే నాకు బాధేస్తుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి, రంగు పాకకుండా చేసుకుని, కలంతో చేత్తో గీస్తారు. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దుతారు. రెండూ గొప్ప పనులే, రెండూ కలంకారీయే. కానీ చేత్తో గీసిన పెద్ద పనికీ, అచ్చు వేసిన గజం గుడ్డకీ ఒకే ధర ఎవరూ అడగరు. చేత్తో వేసిన జాకెట్‌నీ, ప్రింట్ టీషర్టునీ ఒకే టేబుల్ మీద పక్కపక్కన పెడితే మీరే ఆ తేడాను చెరిపేసినట్టు. వచ్చినవాళ్లు ఎనిమిది వందల టీషర్టు చూసి, ఆరు వేల జాకెట్‌ని కింద పెట్టేస్తారు.

బట్టలతో బతుకుతూ బొమ్మలు వేసుకోవడానికి చెన్నై దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో మద్రాసు చిత్రకారులు చోళమండలం కళాకారుల గ్రామాన్ని మొదలుపెట్టినప్పుడు వాళ్లను నిలబెట్టినవి బాతిక్ (మైనం పూసి రంగులద్దే) బట్టలు, చేతివృత్తి వస్తువులు. వాటి అమ్మకంతోనే పెయింటింగ్, శిల్పం సొంతంగా చేసుకునే వెసులుబాటు దొరికింది. నేను కొత్తవాళ్లకు చెప్పే దారి కూడా ఇంచుమించు ఇదే.

ప్రింట్ ఎప్పుడు

పాప్ ఆర్ట్‌కీ ప్రింట్‌కీ పుట్టుకతోనే బంధం ఉంది. అమెరికా పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1962లో చూపించిన 32 సూప్ డబ్బాల కాన్వాసులు చేత్తో వేసినవి. అదే ఏడాది ఆయన సిల్క్ స్క్రీన్‌కి, అంటే సన్నటి జాలీ గుడ్డ గుండా రంగు నొక్కి అచ్చు వేసే పద్ధతికి, మళ్లాడు. మూడు నాలుగు ఫ్లాట్ కలర్లతో ఉండే బొమ్మకు స్క్రీన్ ప్రింట్ చక్కగా కుదురుతుంది కూడా. చిక్కు ఖర్చులో ఉంది. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ చేయించాలి, కాబట్టి పది ఇరవై ముక్కలకు గిట్టుబాటు కాదు. వందల్లో వేయిస్తే సైజుల వారీగా సరుకు ఇంట్లో పేరుకుంటుంది. డీటీఎఫ్‌లో (ఫిల్మ్ మీద ప్రింట్ తీసి వేడితో బట్టకు అంటించే పద్ధతిలో) ఒక్క ముక్క కూడా వేయించుకోవచ్చు, కానీ పెద్ద బొమ్మ అయితే ఛాతీ మీద ప్లాస్టిక్ పొర అంటించినట్టు ఉంటుంది, బెంగళూరు ఎండాకాలంలో కూడా చెమట పడుతుంది. కాటన్ మీద డీటీజీ (ఇంకును నేరుగా బట్ట మీదే చల్లే ప్రింట్) మెత్తగా ఉంటుంది, ముక్కకు ఖర్చు ఎక్కువ.

అమెరికా చిత్రకారుడు కీత్ హేరింగ్ 1986లో న్యూయార్క్‌లో పాప్ షాప్ అనే దుకాణం తెరిచి టీషర్టులు, బ్యాడ్జీలు అమ్మాడు. అప్పటికే సబ్‌వే (భూగర్భ రైలు) స్టేషన్లలో ఆయన సుద్దముక్కతో గీసిన బొమ్మలు చూసి చూసి ఊరంతటికీ ఆ గీత తెలుసు. టీషర్టు కొన్నవాళ్లు ఆ గీతను కొనుక్కున్నారు. మన గీత ఎవరికీ తెలియనప్పుడు మన ప్రింట్ టీషర్టు మార్కెట్లో వేల టీషర్టుల్లో ఒకటి, పోటీ పూర్తిగా ధర మీదే. టీషర్టులు టోకున తయారయ్యే తిరుప్పూర్ ధరలతో మనం పోటీ పడలేం.

చట్టం కూడా చూసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టంలోని 15(2) సెక్షన్ ప్రకారం, డిజైన్‌గా రిజిస్టర్ చేయదగినదాన్ని రిజిస్టర్ చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువ వస్తువుల మీద వేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. ఒక్క కాన్వాస్‌కి, ఒక్కసారి చేత్తో వేసిన జాకెట్‌కి ఈ బెడద లేదు. మీ బొమ్మను వందల్లో ప్రింట్ చేయించేముందు లాయర్‌తో మాట్లాడి డిజైన్ రిజిస్ట్రేషన్ సంగతి తేల్చుకోండి. కాన్వాస్‌కి ఇంకో మేలు ఉంది. అదే చట్టంలో 53ఎ సెక్షన్ కింద, మీరు వేసిన అసలు పెయింటింగ్ తర్వాత పదివేలు దాటిన ధరకు చేతులు మారితే మీకు వాటా అడిగే హక్కుంది. ఆ వాటా 10 శాతానికి మించదు. అందుకే అమ్మిన ప్రతి కాన్వాస్ ఫొటో, కొలత, తేదీ, కొన్నవాళ్ల పేరు రాసిపెట్టుకోండి.

సినిమా హీరోల ముఖాలు వేసేవాళ్లు ఎక్కువ. ఆ అభిమానం నాకు అర్థమవుతుంది, మన పాప్ సంస్కృతి అంటేనే సినిమా కదా. కానీ రజనీకాంత్ పేరు, రూపం, తీరు ఆయన అనుమతి లేకుండా వాడుకోవడాన్ని మద్రాసు హైకోర్టు 2015లోనే అడ్డుకుంది. ఒకరి కోసం వేసిన పెయింటింగ్ ఒక ఎత్తు, హీరో ముఖంతో సరుకు తయారుచేసి అమ్మడం ఇంకో ఎత్తు. కంపెనీ లోగోల సంగతీ అంతే, బట్ట మీదకు వచ్చేసరికి ట్రేడ్‌మార్క్ చిక్కు ఎక్కువవుతుంది. గోళీ సోడా, ఆవకాయ జాడీ, టిఫిన్ క్యారియర్, రిబ్బన్ జడలు, లారీ వెనక బొమ్మలు, కిరాణా కొట్టు డబ్బాలు... మనదంటూ ఇంత సరుకు ఉంది. ఆవకాయ జాడీని నాలుగు రంగుల్లో నాలుగు సార్లు వేసి చూడండి, ఏ తెలుగు ఇంటివాళ్లయినా దాని ముందు ఆగుతారు.

ఎక్కడ అమ్మాలి

కాన్వాస్‌కి బెంగళూరులో మొదటి మెట్టు చిత్ర సంతె. 2003 నుంచి కర్ణాటక చిత్రకళా పరిషత్ నడుపుతోంది. జనవరిలో ఒక ఆదివారం కుమారకృప రోడ్డు పొడవునా చిత్రకారులు కూర్చుని మధ్యవర్తి లేకుండా నేరుగా అమ్ముకుంటారు. అక్కడ రద్దీలో నిలబడి చూసేవాళ్లు సాయంత్రం దాకా బరువు మోయలేరు కాబట్టి చిన్న కాన్వాసులు ముందు పోతాయి. 12 అంగుళాలకు 12 అంగుళాలవి ఎక్కువ తీసుకెళ్లండి, పెద్దవి రెండు మూడు చాలు. పెద్దదాని కోసం అడిగినవాళ్ల ఫోన్ నంబరు తీసుకోండి. దరఖాస్తులు నెలల ముందే అడుగుతారు, వర్షాకాలం అయిపోగానే కన్నేసి ఉంచండి.

బట్టలకు మాత్రం నేను అపార్ట్‌మెంట్ స్టాళ్లకే ఓటేస్తాను. దసరాకి, దీపావళికి, సంక్రాంతికి ముందు వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, సర్జాపుర రోడ్డు వైపు కాంప్లెక్సుల క్లబ్‌హౌసుల్లో స్టాళ్లు పెడతారు. అద్దె తక్కువ, వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఒకావిడ సంచి కొంటే పై వారం ఆవిడ చెల్లెలి పెళ్లి సంగీత్‌కి జాకెట్ల ఆర్డర్ వస్తుంది. సండే సోల్ సంతె లాంటి పెద్ద మార్కెట్లలో జనం బాగా వస్తారు, స్టాల్ అద్దె మాత్రం ముందే కట్టాలి. కనీసం అద్దెకు మూడింతల సరుకు సిద్ధంగా లేకపోతే వెళ్లొద్దు.

అవే అపార్ట్‌మెంట్లలో కాన్వాస్ కూడా పోతుంది, గృహప్రవేశం కానుకగా. వాస్తు అడుగుతారు, ఏడు గుర్రాలు వేస్తారా అని అడుగుతారు. అడగనివ్వండి. ఏడు గుర్రాలను మీ పద్ధతిలో, మీ రంగుల్లో వేయగలిగితే అది మీ బొమ్మే.

గ్యాలరీకి వెళ్లాలంటే ఒకే దారిలో సాగిన పది పన్నెండు కాన్వాసులు ఉండాలి. అక్కడ పెట్టిన ధరకంటే తక్కువకు ఇంట్లో అమ్మొద్దు, ఆ మాట బయటికి వస్తే మళ్లీ పిలవరు.

ఎవరికి ఏది

ఉద్యోగం ఉండి, శని ఆదివారాలే దొరికేవాళ్లు నేరుగా కాన్వాస్‌కే వెళ్లండి. నెల జీతం మీకు బట్టల పని చేసే మేలు ఇప్పటికే చేస్తోంది, ఆర్డర్ల డెడ్‌లైన్లతో ఆ రెండు రోజులు పాడుచేసుకోవద్దు. ఉద్యోగం లేనివాళ్లు, పీజీలో ఒక మంచం పక్కన చోటుతో మొదలుపెట్టేవాళ్లు సంచులు, జాకెట్లతో మొదలుపెట్టండి. నెలకు ఇన్నే ఆర్డర్లు అని హద్దు పెట్టుకుని, మిగతా పొద్దులు కాన్వాస్‌కి ఉంచండి. చిన్నపిల్లలున్న ఇళ్లలో పని చేసేవాళ్లకు కూడా బట్టే సుఖం, మధ్యలో లేవాల్సి వస్తే మడిచి పైన పెట్టేయొచ్చు. చేయి వణుకో, నడుం నొప్పో ఉండి ఎక్కువసేపు వంగి వేయలేనివాళ్లకు ఒక్కళ్లకే నేను ప్రింట్ ముందు చెప్తాను, అదీ తక్కువ సంఖ్యలో.

హైదరాబాదు, విజయవాడ నుంచి ఆర్డర్ వస్తే కాన్వాస్‌ని ఫ్రేము విప్పి, రంగు బయటి వైపు ఉండేలా లావుపాటి గొట్టానికి చుట్టండి. లోపలికి చుడితే పొర నలిగి పగులుతుంది. మడివాళ నుంచి రాత్రి బయల్దేరే ట్రావెల్స్ బస్సుల్లో వేస్తే తెల్లారేసరికి చేరుతుంది. జాకెట్ అయితే బొమ్మ మీద వెన్న కాగితం పరిచి మడవండి, రంగుకు రంగు అతుక్కోదు.

బట్టతో పాటు చిన్న చీటీ ఒకటి కుట్టించండి, తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి. తిరగేసి చల్లటి నీళ్లలో చేత్తో ఉతకాలి, పిండకూడదు, నీడలో ఆరేయాలి, రంగు మీద నేరుగా ఇస్త్రీ పెట్టకూడదు. కింద మీ పేరు, వేసిన సంవత్సరం. కొన్నవాళ్లకు ఇచ్చేటప్పుడు ఆ చీటీని ఒకసారి చదివి వినిపించండి, ఉతికిన తర్వాత వచ్చే ఫిర్యాదులు సగానికి సగం తగ్గిపోతాయి.